గ్యారేజీలో పుట్టిన తోకలేని పిల్లి

మన టింకరింగ్ షెడ్లలో ఏ కారుకైనా పని నడిచే వరస ఒకటే. ముందు రేకు పని. సొట్టలు తీయాలి, లప్పం పెట్టాలి, నీళ్ల పేపరుతో రుద్దాలి, ప్రైమర్ కొట్టాలి. అన్నీ అయ్యాక చిట్టచివర రంగు. 1960ల నడుమ కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ అనే మనిషి అమ్మిన కిట్ కార్లలో ఈ వరస తిరగబడింది. ఆయన ముందు రంగు వేసి, దాని వెనక కారును పోసేవాడు. అలా పోసిన ఖాళీ ఒంటిని ఇంటికి తెచ్చుకుని, పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ని విప్పి, రెంటినీ కలిపి బోల్టులు బిగిస్తే కొన్నవాడి చేతిలో ఒక బండి తయారయ్యేది. తలుపుల్లేవు, పైకప్పు లేదు. ఇసుక దిబ్బల మీద మాత్రం దాని ముందు ఏదీ నిలిచేది కాదు.

దాని పేరు మేయర్స్ మాంక్స్. మాంక్స్ అంటే ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో పుట్టే తోకలేని పిల్లి జాతి. బండి కూడా అలాగే పొట్టిగా, వెనకభాగం కోసేసినట్టుగా ఉండేది.

ఈ మేయర్స్ ఇంజినీరేమీ కాదు. లాస్ ఏంజెలెస్‌లోని షునార్డ్ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. మిగతా చదువంతా సముద్రం దగ్గరే.

*

1945 మే 11 ఉదయం. ఒకినావా దీవికి దగ్గర్లో అమెరికా విమానవాహక నౌక బంకర్ హిల్. అర నిమిషం తేడాతో రెండు జపాన్ ఆత్మాహుతి విమానాలు వచ్చి దాన్ని గుద్దాయి. ఇంధనం నింపుకుని ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానాలు డెక్ మీద వరసగా అంటుకున్నాయి. దాదాపు 400 మంది పోయారు. పంతొమ్మిదేళ్ల మేయర్స్ ఆ ఓడలో నావికుడు. నీళ్లలోకి దూకాడు. తన లైఫ్ జాకెట్ తీసి మరొకడికిచ్చాడు. ఒళ్లు కాలిన పైలట్ ఒకతన్ని మునిగిపోకుండా పట్టుకున్నాడు. పసిఫిక్ అలల్లో ఈది పెరిగిన ఒళ్లు కాబట్టి తట్టుకుంది.

అంత చావును కళ్లారా చూసినవాడు కనకనే తర్వాత ఇంత సరదా బండిని చేశాడని రాసినవాళ్లున్నారు. నాకెందుకో అది అతికించిన మాటలా అనిపిస్తుంది. యుద్ధానికి ముందూ ఆయనకు ఇసుకా, అలలూ ఇష్టమే. తర్వాతా ఇష్టమే. యుద్ధం ఆ ఇష్టాన్ని చెరపలేకపోయింది, అంతవరకే చెప్పగలం.

తిరిగొచ్చాక ఆయన పొట్టపోసుకున్నది పడవల మీద. కోస్టా మెసాలో జెన్సెన్ మెరీన్ అనే కంపెనీ ఉండేది. చెక్క పడవల కాలం పోయి ఫైబర్‌గ్లాస్ పడవల కాలం వస్తున్న రోజులవి. ఆ కంపెనీలో ఫైబర్ పడవలకు అచ్చులు చేసే పనిలో మేయర్స్ చెయ్యి తిరిగింది. పని లేనప్పుడు సర్ఫింగ్. అది కూడా విసుగనిపిస్తే ఉత్తరాన పిస్మో బీచ్ దగ్గరి ఇసుక దిబ్బలు.

ఆ దిబ్బల మీదే ఆయన కంట్లో ఒక విషయం పడింది. అప్పటికే అక్కడ రకరకాల బండ్లు తిరిగేవి. పాత కార్ల ఒళ్లు పీకేసి, లావుపాటి గొట్టాలతో చట్రం కట్టి, పెద్ద వీ8 ఇంజన్లు బిగించినవి. మోత ఎక్కువ, బరువు ఎక్కువ. మెత్తటి ఇసుకలో దిగబడితే తవ్వుకుని బయటపడాల్సిందే. వాటి మధ్యన బీటిల్ సామాన్లతో కట్టిన బక్క బండ్లు కొన్ని దిబ్బల మీద తేలిపోతున్నట్టు వెళ్లేవి. బీటిల్ ఇంజన్ వెనక ఉంటుంది, కాబట్టి బరువు ఎక్కువగా తిప్పే చక్రాల మీదే పడుతుంది, ఇసుకలో పట్టు దొరుకుతుంది. పైగా దాన్ని గాలే చల్లబరుస్తుంది. రేడియేటర్ లేదు, నీళ్లు మరిగిపోతాయన్న దిగుల్లేదు. ఒకే ఒక్క లోపం, ఆ బక్క బండ్లు చూడ్డానికి తుక్కులా ఉండేవి. బొమ్మలు వేసే మనిషికి అది సహించలేదు.

*

న్యూపోర్ట్ బీచ్‌లోని ఆయన గ్యారేజీలో ఏం జరిగిందో క్షణం క్షణం రాసిపెట్టినవాళ్లు లేరు. కానీ ఫైబర్ పనికి దారి ఒక్కటే, దాన్ని తప్పి ఎవరూ నడవలేరు. కనుక ఈ దృశ్యాన్ని ఊహించడం కష్టం కాదు.

మొదట ఒక మూలరూపం కావాలి. కారు ఎలా ఉండాలనుకుంటున్నాడో అచ్చం అదే ఆకారం, అదే సైజు. లోపల బోలుగా ఉండక్కర్లేదు, నడవక్కర్లేదు. పైతోలు నున్నగా ఉంటే చాలు. మేయర్స్ తన చిత్రకళంతా పోసింది ఇక్కడే. ముందు మడ్‌గార్డులు ఎత్తి విరుచుకున్న అలల్లా పైకి లేచాయి. హెడ్‌లైట్లు కార్టూను బొమ్మ కళ్లలా బయటికి పొడుచుకొచ్చాయి. మడ్‌గార్డుల పైభాగం బల్లపరుపుగా పెట్టింది బీరు సీసా నిలబెట్టుకోవడానికేనని తర్వాత ఆయనే వేళాకోళంగా చెప్పుకునేవాడు.

ఆకారం కుదిరాక రుద్దుడు. ముతక కాగితంతో, తర్వాత సన్న కాగితంతో, ఆ తర్వాత నీళ్లతో. ఇక్కడ బద్ధకిస్తే శిక్ష ఒక్క బండితో పోదు. మూలరూపం మీద గోటి గీత ఉంటే అచ్చులోకి దిగుతుంది, ఆ అచ్చులోంచి వచ్చే ప్రతి కారుకూ అంటుకుంటుంది. రుద్దడం అయ్యాక మైనం పూతలు. ఒకటి కాదు, పూత మీద పూత, ప్రతిసారీ ఆరబెట్టి మెరిసేదాకా తుడవాలి. మైనం పట్టని చోట రెజిన్ పట్టేస్తుంది, ఇక ఊడదు.

దాని మీద గాజునారతో మందంగా పూత వేసి, గట్టిపడ్డాక ఊడదీస్తే ఆకారం తిరగబడి వస్తుంది. అదే అచ్చు. లోపలి ముఖం అద్దంలా ఉంటుంది. ఇక నుంచి పనంతా ఆ లోపలి ముఖం మీదే. మళ్లీ మైనం. ఆ మైనం మీద మొట్టమొదట పడేది జెల్‌కోట్, అంటే రంగు కలిపిన చిక్కటి రెజిన్. ఎర్ర కారు కావాలంటే ఎరుపు, పసుపు కావాలంటే పసుపు. అది జిగురుగా ఆరాక, దాని వెనక గాజునార మ్యాట్ పరిచి, హార్డెనర్ కలిపిన రెజిన్‌తో తడిపి, రోలర్‌తో నొక్కి గాలి బుడగలు తీయాలి. ఇదంతా గబగబా జరగాలి. పాకం పట్టినట్టే, అదను దాటితే చేతిలో రాయి మిగులుతుంది. హార్డెనర్ కాస్త ఎక్కువైనా, ఎండ కాస్త ముదిరినా డబ్బాలోనే వేడెక్కి గడ్డకట్టేస్తుంది.

విశాఖ నుంచి కాకినాడ దాకా మన తీరంలో చెక్క తెప్పల స్థానంలోకి వచ్చిన ఫైబర్ తెప్పలు తయారవడం చూసినవాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు. ముక్కు పుటాలు మండించే అదే వాసన. చేతుల మీద, మెడ మీద, చొక్కా మడతల్లో గుచ్చుకుని ఎంత కడిగినా పోని అదే గాజునార దురద. న్యూపోర్ట్ బీచ్‌లో పక్కింటివాళ్లు ఆ వాసనకు ఏమనుకుని ఉంటారో!

1964లో అచ్చులోంచి ఎర్రటి ఒళ్లు బయటికొచ్చింది. ‘ఓల్డ్ రెడ్’ అన్న పేరు ఇప్పటికీ దానిదే. దానికి ఛాసిస్ లేదు. కారు చేసేవాడెవడూ అలా మొదలుపెట్టడు, అది పడవవాడి బుర్ర. పడవకు విడిగా చట్రం ఉండదు, ఒళ్లే దాని ఎముక. మేయర్స్ కారునూ అలాగే పోశాడు. అవసరమైన చోట ఫైబర్ లోపలే ఉక్కు గొట్టాలు దాచాడు. బీటిల్ ఇంజనూ గేర్‌బాక్సూ తెచ్చి నేరుగా ఆ ఒంటికే బిగించాడు. దిబ్బ మీదికి తీసుకెళ్లాడు. బండి ఎగిరింది, దిగింది, విరగలేదు.

అంతదాకా ఆయన తనకోసమే చేసుకున్నాడు. చూసినవాళ్లు మాకూ కావాలన్నారు. బీ.ఎఫ్. మేయర్స్ అండ్ కంపెనీ పుట్టింది. కిట్ ధర 985 డాలర్లు. పన్నెండు బండ్లు అయ్యేసరికి కళాకారుడికి లెక్కలు అర్థమయ్యాయి. ఛాసిస్ లేని ఒళ్లు అందంగా ఉంటుంది గానీ, పోయడానికి పట్టే సమయమూ సరుకూ ఎక్కువ. ఆ ధరకు అమ్మితే మిగిలేదేమీ లేదు, ధర పెంచితే కొనేవాడు లేడు.

అప్పుడు ఆయన వెనక్కి తగ్గాడు. నా లెక్కలో ఆయన చేసిన అన్నింటికన్నా తెలివైన పని ఇదే. బీటిల్‌కు అడుగున ఒక రేకు పళ్లెం ఉంటుంది. ముందు చక్రాలు, వెనక చక్రాలు, ఇంజను, స్టీరింగు అన్నీ దాని మీదే. పైనున్న ఒంటిని దానికి బోల్టులతో బిగించారు, అంతే. బోల్టులన్నీ ఊడదీసి నలుగురు పట్టుకుని లేపితే ఒళ్లు విడిగా వచ్చేస్తుంది, కింద నడిచే బండి మిగులుతుంది. ఆ పళ్లెం మీద కూర్చునేలా మేయర్స్ తన ఒంటిని మార్చాడు. కొత్త కిట్ ధర 498 డాలర్లు.

*

ఇప్పుడు కథ కొన్నవాడి ఇంటికి మారుతుంది. ఎవరో ఒకరు అనుకుందాం. ఎక్కడో గుద్దుకుని ఒళ్లంతా నుజ్జయిన పాత బీటిల్‌ని చవగ్గా కొన్నాడు. వారాంతంలో దాని ఒళ్లు పీకి పెరట్లో పడేశాడు. పక్కన మెరిసిపోతూ కొత్త ఫైబర్ ఒళ్లు. రంగు వేయక్కర్లేదు, లప్పం అక్కర్లేదు. ఇక బిగించడమే అనుకుంటాడు ఎవడైనా.

కానీ మాంక్స్ పొట్టి పిల్లి. బీటిల్ పళ్లెం దానికి పొడుగు. మధ్యలోంచి 14¼ అంగుళాలు, అంటే దాదాపు 36 సెంటీమీటర్లు, కోసి తీసేయాలి. మిగిలిన రెండు ముక్కలను మళ్లీ అతకాలి. పుస్తకంలో ఇది ఒక వాక్యం. గ్యారేజీలో నిద్ర పట్టని రాత్రి.

పళ్లెం మధ్యగుండా వెన్నెముకలా ఒక సొరంగం ఉంటుంది. గేరు రాడ్డు, క్లచ్ తీగ, యాక్సిలరేటర్ తీగ పోయే గొట్టాలు అందులోంచే వెళ్తాయి. రేకు కోసేటప్పుడు వాటినీ అంతే కొలతకు కురచ చేయాలి. రెండు ముక్కలూ తిన్నగా కలిశాయా అన్నది కంటితో తేలదు. ఎదురుబొదురు మూలల నుంచి టేపు పట్టి కొలవాలి, రెండు కొలతలూ సమానంగా రావాలి. రాకుండానే వెల్డింగ్ కొట్టేశాడో, బండి జన్మంతా పీతలా పక్కకు నడుస్తుంది, టైర్లు ఒక పక్కే అరుగుతాయి. ముందు అక్కడక్కడ చుక్కలు పెట్టి, మళ్లీ కొలిచి, అప్పుడు నిండా వెల్డింగ్ చేసినవాడు బాగుపడ్డాడు. వేడికి రేకు వంపు తిరుగుతుంది కాబట్టి ఆ వెల్డింగ్ కూడా ఒకే చోట కాకుండా అటొకటి ఇటొకటి వేసుకుంటూ పోవాలి.

ఇది దాటితే తర్వాతిదంతా పండగే. పళ్లెం అంచున రబ్బరు పరిచి ఒళ్లు దించాలి, కన్నాలు వేసి బోల్టులు బిగించాలి, అద్దం చట్రం పెట్టాలి. వైర్లు లాగాలి, లైట్లు పెట్టాలి. వెనక లావుపాటి టైర్లు ఎక్కించాలి. బీటిల్‌కున్న బరువులో బోలెడంత పెరట్లోనే మిగిలిపోయింది కాబట్టి అదే చిన్న ఇంజను ఇప్పుడు ఈ బండిని విసిరేసినట్టు లాగుతుంది.

షోకు చేసుకోవాలనుకున్నవాళ్లకు మెటల్‌ఫ్లేక్ ఉండేది. తళుకు రేణువుల్ని జెల్‌కోట్‌లో కలిపి అచ్చులోనే పోసేవారు. ఎండలో బండి మొత్తం చెమ్కీ చీరలా మెరిసేది. కారును చూసి కళ్లు చికిలించుకోవాల్సి రావడం 1960ల కాలిఫోర్నియాకు నచ్చిన విషయమే.

*

1967 ఏప్రిల్. మెక్సికోలోని బాహా ద్వీపకల్పం. ఉత్తరాన అమెరికా సరిహద్దును ఆనుకుని టిహువానా, దక్షిణాన లాపాజ్. నడుమ దాదాపు 1,500 కిలోమీటర్లు. దాన్నంతా కలిపే తారు రోడ్డు 1973 దాకా పూర్తి కాలేదు. ఎండిన వాగులు, మోకాలి లోతు దుమ్ము, చీకట్లో నాలుగు దారులుగా చీలిపోయే బండి జాడలు. అవి మళ్లీ ఒకటవుతాయో లేదో నమ్మకం లేదు. 1962లో డేవ్ ఎకిన్స్ అనే మోటార్‌సైకిల్ వీరుడు హోండా మీద ఈ దారిని 39 గంటల 56 నిమిషాల్లో దాటి రికార్డు పెట్టాడు.

మేయర్స్, ఆయన స్నేహితుడు టెడ్ మ్యాంగెల్స్ లాపాజ్ దగ్గర ఓల్డ్ రెడ్ ముక్కును ఉత్తరానికి తిప్పారు. పైకప్పు లేదు కనుక పగలంతా ఎండ, రాత్రంతా చలి, ఎప్పుడూ దుమ్ము. ఒకడు నడుపుతుంటే రెండోవాడు ఎగిరిపోకుండా పట్టుకుని కూర్చోవాలి. నిద్రంటే అదే. హెడ్‌లైట్ల వెలుగు ఆగిపోయిన చోట గొయ్యి ఉందో రాయి ఉందో, వెళ్లి చూడాల్సిందే. బండి కింద గట్టి రాయి తగిలితే చిట్లేది తన చేత్తో రోలర్ తిప్పి పోసిన ఒళ్లే. ఆ ముప్పై పైచిలుకు గంటలు మేయర్స్ చెవులు ఇంజను మోత కన్నా ఫైబర్ చప్పుడునే ఎక్కువ విని ఉంటాయని నా ఊహ.

34 గంటల 45 నిమిషాలు. మోటార్‌సైకిల్ రికార్డు మీద ఐదు గంటల పైచిలుకు ఆదా. ఆ కబురు పత్రికలకెక్కింది. అదే ఏడాది శరదృతువులో అదే దారిలో మెక్సికన్ 1000 అనే పోటీ మొదలైంది. ఇవాళ ప్రపంచం బాహా 1000గా ఎరిగిన పందేనికి అదే ఆరంభం. ఆ మొదటి పోటీలో విక్ విల్సన్‌తో కలిసి మ్యాంగెల్స్ గెలిచాడు, 27 గంటల 38 నిమిషాల్లో. వాళ్లు నడిపిందీ మాంక్సే. 1968లో ‘ది థామస్ క్రౌన్ అఫైర్’ సినిమాలో స్టీవ్ మెక్‌క్వీన్ ఒక మాంక్స్‌ని బీచ్‌లో చిందులు తొక్కించాడు. దానికి మరింత బలమైన ఇంజను బిగించారు. ఆర్డర్లు వచ్చి పడ్డాయి.

సరిగ్గా ఇక్కడే ఆయన అచ్చు ఆయనకే ఎదురు తిరిగింది.

ఇంట్లో ఎవడైనా బిగించుకోగల కారు చేయడమే మేయర్స్ గొప్ప. ఇంట్లో ఎవడైనా బిగించుకోగలిగినదాన్ని షెడ్డులో ఎవడైనా పోసుకోనూగలడు. కాపీ కొట్టడానికి డ్రాయింగులు దొంగిలించక్కర్లేదు. ఒక మాంక్స్ కొనాలి, దాని పైతోలుకు మైనం రాయాలి, మీద గాజునార పరవాలి. ఎండాక ఊడదీస్తే అచ్చు చేతికొస్తుంది. మేయర్స్ నెలల తరబడి రుద్దిన రుద్దుడంతా వాడికి ఉచితం. కొందరు కాస్త వంపులు మార్చారు, కొందరు అదీ చేయలేదు. మూలరూపం చెక్కే ఖర్చు లేదు కనుక కాపీ కిట్లు చవగ్గా దొరికాయి. మేయర్స్ చేసిన కిట్లు మొత్తం ఆరు వేల దాకా ఉంటాయి. ప్రపంచమంతటా వచ్చిన అనుకరణలు రెండున్నర లక్షలు దాటాయని అంచనా.

ఆయన దగ్గర పేటెంటు ఉంది. కోర్టుకెళ్లాడు. కోర్టు ఆ పేటెంటు చెల్లదంది. చట్టం దృష్టితో చూస్తే ఆ తీర్పులో తప్పు పట్టడం సులువు కాదేమో. బీటిల్ సామాన్లతో దిబ్బల బండి కట్టడం మేయర్స్ కన్నా ముందూ ఉంది, ఫైబర్ ఒళ్లు పోయడమూ ఉంది. కొత్తగా వచ్చింది రెండూ కలిసిన ఆ రూపం. అలలాంటి మడ్‌గార్డు వంపు ఎవడిదో కోర్టులో తూకం వేయడం కష్టం. కానీ తూకానికి లొంగని ఆ వంపు కోసమే జనం డబ్బులిచ్చారన్నది కాపీదారులకు బాగా తెలుసు.

1970లో మేయర్స్ తన సొంత కంపెనీ నుంచి బయటికొచ్చేశాడు. 1971లో అది మూతపడింది. ఆ తర్వాత చాలా ఏళ్లు బగ్గీ, అంటే ఇలాంటి దిబ్బల బండి, అన్న మాటెత్తితే ఆయనకు చేదుగా ఉండేది. ఆ చేదును తప్పుపట్టలేం. రోడ్డు మీద ఎదురైన ప్రతి ముఖమూ తను చెక్కిందే, ఒక్కదాని నుంచీ పైసా రాదు.

*

1994లో ఫ్రాన్స్ నుంచి పిలుపొచ్చింది. అక్కడి బగ్గీ అభిమానులు ఒక వేడుక చేస్తున్నారు, మీరు పెద్దమనిషిగా రావాలి. వెళ్లాడు. వందల బగ్గీలు బారులు తీరి ఉన్నాయి. వాటిలో చాలామటుకు ఆయన పోసినవి కావు. వాటి యజమానులు మాత్రం ఆయన చుట్టూ మూగారు, చేతులు పట్టుకున్నారు, బండి మీద సంతకం పెట్టమన్నారు. తమది కాపీ అని వాళ్లకు తెలుసు. అసలుది చెక్కిన చేయి ఇదేననీ తెలుసు.

అదే ఏడాది ఆయనా, భార్య విన్నీ కలిసి మాంక్స్ క్లబ్ పెట్టారు. మాంక్స్ పేరు పెట్టుకున్న ఆ సంఘంలో ఇతరుల బగ్గీలకూ చోటిచ్చారు. దాదాపు మూడు దశాబ్దాలు కాపీల మీద మండిపడిన మనిషి ఈ నిర్ణయానికి రావడం చిన్న సంగతేమీ కాదు. డెబ్బై దాటాక మళ్లీ అచ్చులు బయటికి తీసి కొత్త కిట్లు అమ్మాడు. 2014లో ఓల్డ్ రెడ్ అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టర్‌కెక్కింది. షెల్బీ డేటోనా కూపే తర్వాత ఆ జాబితాలో చేరిన రెండో వాహనం అది. 2020లో ఆ కొత్త కిట్ల కంపెనీని అమ్మేశాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 19న, 94 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఈలోగా బజారులో ఒక తమాషా జరిగింది. కాపీలు అన్ని లక్షలున్నచోట అసలుదానికి ధర పెరిగింది. మెక్‌క్వీన్ సినిమాలో నడిపిన బండి 2020లో వేలంలో 4,56,000 డాలర్లు పలికింది. పాత గ్యారేజీల్లో, గడ్డివాముల వెనక ఫైబర్ ఒళ్లు దొరికినవాళ్లంతా ఒకటే ప్రశ్నతో బయల్దేరారు, ఇది అసలుదా కాదా అని. అసలు కిట్లకు కొన్ని గుర్తులుంటాయి, ఏ వంపు ఎక్కడ తిరగాలో, లోపలి వైపు ఏది ఎలా ఉండాలో. ఫొటోలు పంపితే వాటిని సరిచూసి ధ్రువపత్రం ఇచ్చే పని మేయర్స్ కంపెనీ పెట్టుకుంది. అప్పట్లో ఆయన రూపానికి పేటెంటు చెల్లదని కోర్టు చెప్పింది. ఇప్పుడు ఒక బండి ఆయనదో కాదో తేల్చే కాగితం కోసం జనం ఆయన కంపెనీకే డబ్బు కట్టి వరసలో నిలబడ్డారు.